‘నరం తెగింది’ అంటే ఏది తెగినట్టు? చేతి టెండాన్లు, ఆపరేషన్, ఆ తర్వాతి పన్నెండు వారాలు

బెంగళూరులో ఏ పెద్దాసుపత్రి క్యాజువాల్టీ ముందు కూర్చున్నా కాసేపటికి మన భాష చెవినపడుతుంది. పీణ్యలో ప్రెస్ మిషన్ మీద పనిచేసే కుర్రాడు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో టైల్స్ కోసే మేస్త్రీ, మారతహళ్లి పీజీ వంటింట్లో కూరగాయలు తరిగే అక్క, పగిలిన కిటికీ అద్దం మీద చేయి వేసిన పిల్లవాడు. వీళ్ల వెంట వచ్చినవాళ్లు డాక్టరుతో చెప్పే మొదటి మాట ఒకటే: “నరం తెగింది సార్.”

చిక్కు ఆ మాటతోనే మొదలవుతుంది. మనకు నరం అంటే ఒకటి కాదు, మూడు. చేతి మీద ఉబ్బి కనిపించే నీలపు గీతలూ నరాలే, తిమ్మిరి తెలిపేవీ నరాలే, పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాళ్లలా లేచేవీ నరాలే. కన్నడంలోనూ ‘నర’ అంటే ఇంతే గందరగోళం. వైద్యంలో మాత్రం ఇవి మూడు వేర్వేరు వస్తువులు. రక్తం తీసుకెళ్లేది రక్తనాళం. స్పర్శను, కదలమనే ఆజ్ఞను మోసేది నర్వ్. కండరం లాగిన లాగుడును ఎముకకు అందించే తాడు టెండాన్. స్కూలు పుస్తకాల్లో దాన్ని స్నాయుబంధనం అని చదువుకున్నాం కానీ ఆసుపత్రిలో ఆ మాట ఎవరూ వాడరు. మనమూ టెండాన్ అనే అనుకుందాం.

ఈ తికమక మన ఒక్కళ్లదే కాదు. పాత గ్రీకులో ‘న్యూరాన్’ అనే మాటకు నర్వ్ అనీ, టెండాన్ అనీ రెండు అర్థాలూ ఉండేవి. టెండాన్‌కు సూది గుచ్చితే మూర్ఛలు వస్తాయని గాలెన్ కాలం నుంచి వైద్యులు భయపడేవారు. ఆ భయంతో తెగిన టెండాన్‌ను కుట్టకుండా వదిలేసేవారు. కుట్టమని చెప్పిన తొలి వైద్యుల్లో ఒకరిగా ఇబ్న్ సీనా పేరు వైద్య చరిత్రలో వస్తుంది. యూరప్‌లో మాత్రం 1752లో ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ ప్రయోగాలు చేసి టెండాన్‌కు అలాంటి స్పర్శ లేదని చూపేదాకా ఆ భయం పోలేదు. ఒక్క మాట రెండు వస్తువుల మీద కూర్చున్నందుకు ఎన్ని వందల ఏళ్ల పాటు ఎన్ని వేళ్లు వంగకుండా మిగిలిపోయాయో ఆలోచించండి.

అందుకే ఆసుపత్రిలో ‘నరం తెగింది’ అని ఆపేయకుండా మూడు సంగతులు విడివిడిగా చెప్పండి. రక్తం కారుతోందా, చిమ్ముతోందా? వేలి కొస మొద్దుబారిందా? వేలు వంగుతోందా, చాపగలుగుతున్నారా? డాక్టరుకు కన్నడమే వస్తే ‘బెరళు మడచోకె ఆగ్తిల్ల’ అంటే వేలు వంగడం లేదని అర్థమవుతుంది.

బ్రేకు వైరు లాంటి ఏర్పాటు

వేళ్లను వంచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తొమ్మిది టెండాన్లు మణికట్టు దగ్గరి ఇరుకు సొరంగం గుండా అరచేతిలోకి వస్తాయి. బొటనవేలికి ఒకటి, మిగతా నాలుగు వేళ్లకు రెండేసి. ఆ రెండింటిలో లోపలిది వేలి చివరి కణుపు దాకా వెళ్లి గోటి కింది ఎముకను వంచుతుంది. పైది మధ్యలో రెండుగా చీలి, లోపలిదానికి దారి వదిలి, నడిమి ఎముకకు అతుక్కుంటుంది.

సైకిల్ బ్రేకును చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. హ్యాండిల్ దగ్గర పట్టు బిగిస్తే ఎక్కడో చక్రం దగ్గర రబ్బరు కదులుతుంది, మధ్యలో తొడుగులో జారే వైరు ఉంటుంది. వేలిలోనూ టెండాన్‌కు అలాంటి తొడుగే ఉంది. ఫ్రేముకు వైరును పట్టి ఉంచే క్లిప్పుల్లాగా ఎముకకు టెండాన్‌ను ఆనించి ఉంచే పట్టీలు కూడా ఉన్నాయి. వాటిని పుల్లీలు అంటారు. వాటిలో రెండు, అంటే వేలి మొదటి ఎముక మీద ఉండే ఎ2, నడిమి ఎముక మీద ఉండే ఎ4, అన్నిటికన్నా ముఖ్యమైనవి. అవి పూర్తిగా పోతే వేలు వంచినప్పుడు టెండాన్ విల్లుకు కట్టిన తాడులా చర్మం కిందికి లేచిపోతుంది, వేలు సగమే వంగుతుంది.

వైరు తెగితే అతికించవచ్చు. అతికిన చోట ముడి లావైతే తొడుగులో ఇరుక్కుంటుంది. పోనీ కదలకుండా ఉంచుదామంటే తుప్పు పట్టి తొడుగుకే అంటుకుంటుంది. చేతి టెండాన్ సర్జరీలో వందేళ్లుగా నడుస్తున్న పేచీ అంతా ఇదే.

తెగిన మొదటి గంటలో

శుభ్రమైన గుడ్డ గాయం మీద వేసి గట్టిగా అదిమి పట్టండి. చేతిని గుండె కంటే పైకి ఎత్తి ఉంచండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ తీసి చూడొద్దు, పది పదిహేను నిమిషాలు వదలకుండా అదమండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్టు, కిరోసిన్ ఏదీ గాయంలోకి వెళ్లకూడదు. ఆ తర్వాత సర్జన్ అదంతా కడిగి తీయడానికే అరగంట పడుతుంది, ఇన్ఫెక్షన్ భయం వేరు. దారంతోనో వైరుతోనో మణికట్టు దగ్గర బిగించి కట్టడం మన సైట్లలో ఎక్కువ. అది చేతికి రక్తం ఆపేసి, తెగని నర్వ్‌ను కూడా దెబ్బతీస్తుంది. ఉంగరాలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక కోసి తీయాల్సి వస్తుంది.

వేలు పూర్తిగా తెగిపడితే ఆ ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతికట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టండి. ముక్కను నేరుగా ఐసులో వేయొద్దు. దారిలో టీ, టిఫిన్ పెట్టించొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. టెటనస్ ఇంజక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించారో గుర్తు తెచ్చుకోండి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చిన్న గాయం. అద్దం ముక్కతోనో కత్తి మొనతోనో పడ్డ సెంటీమీటరు గాటు. రక్తం ఆగిపోతుంది, వీధి చివర క్లినిక్‌లో రెండు కుట్లు పడతాయి. లోపల టెండాన్ తెగి ఉండొచ్చు, ఎవరూ చూడరు. నొప్పి వల్ల వేలు కదపడం లేదులే అనుకుంటారు. కుట్లు విప్పిన రోజున, అంటే పది రోజులకు, వేలు వంగడం లేదని తెలుస్తుంది. అప్పటికి మంచి గడువు చాలావరకు కరిగిపోయి ఉంటుంది. కత్తిని పిడికిట పట్టుకుని ఉండగా తెగితే ఇంకో మోసం ఉంది. అప్పుడు వేళ్లు ముడిచి ఉన్నాయి కాబట్టి, చాపి చూసేసరికి చర్మం మీది గాటు ఒక చోట, టెండాన్ తెగింది ఇంకాస్త వేలి కొస వైపు. గాటు లోపల తొంగిచూసి ‘బాగానే ఉంది’ అనుకోవడానికి అవకాశం ఎక్కువ.

ఇంట్లోనే చూసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. చేయి వెల్లకిలా టేబుల్ మీద వదులుగా పెట్టండి. మామూలుగా వేళ్లన్నీ కొంచెం ముడుచుకుని, చూపుడువేలి నుంచి చిటికెనవేలి దాకా వంపు పెరుగుతూ ఉంటుంది. ఒక్క వేలు మాత్రం కర్రలా చాపుకుని పడుకుంటే అనుమానించండి. తర్వాత ఆ వేలి నడిమి కీలును రెండో చేత్తో కదలకుండా పట్టుకుని, కొసను మాత్రం వంచమనండి. వంగకపోతే లోపలి టెండాన్ తెగినట్టే. కొస వంగినా పైది తెగి ఉండొచ్చు. దానికి మిగతా వేళ్లను చాపి పట్టుకుని, గాయపడిన వేలిని వంచమని డాక్టరు చూస్తారు. వంగుతుంది గానీ ఎదురు బలం పెడితే నొప్పి అంటే సగం తెగి ఉండే అవకాశం ఉంది. వేలి రెండు పక్కలా వెళ్లే నర్వ్, రక్తనాళం కూడా టెండాన్‌తో పాటు తెగడం మామూలు కాబట్టి మత్తు ఇంజక్షన్ వేయకముందే స్పర్శ పరీక్ష చేయాలి. వేశాక తెలియదు.

ఎంత గడువు ఉంది

వేలికి రక్తం అందకపోతే అది అప్పటికప్పుడు చేయాల్సిన ఆపరేషన్. రక్తం బాగానే అందుతూ టెండాన్ మాత్రమే తెగితే అర్ధరాత్రి ఎవరు దొరికితే వాళ్లతో కుట్టించుకోనక్కరలేదు. గాయం కడిగి, పైచర్మం మూసి, యాంటీబయాటిక్ ఇచ్చి, మర్నాడో రెండు మూడు రోజుల్లోనో చేతి సర్జరీ తెలిసినవారితో చేయించుకుంటే ఫలితం తగ్గదు. మా అభిప్రాయంలో అలవాటు లేని చేతిలో ఈ రాత్రి కంటే అలవాటున్న చేతిలో ఎల్లుండి మేలు. వారం లోపు మంచిది, రెండు వారాల దాకా చాలామందికి నేరుగా కుట్టడం వీలవుతుంది. మూడు వారాలు దాటేసరికి కండరం కుంచించుకుపోయి తెగిన కొస అరచేతిలోకో ముంజేతిలోకో వెళ్లిపోతుంది, ఖాళీ అయిన తొడుగు మూసుకుపోతుంది.

అప్పుడు మిగిలే దారి టెండాన్ గ్రాఫ్ట్. మణికట్టు మధ్యలో కనిపించే పామారిస్ లాంగస్ అనే సన్నని టెండాన్‌ను తీసి వేలిలో వేస్తారు. అది పోయినా చేతికి చెప్పుకోదగ్గ లోటు రాదు. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి మణికట్టు వంచి చూడండి, మధ్యలో లేచేది అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, కంగారుపడొద్దు. తొడుగు బాగా పాడైతే ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, దాని చుట్టూ కొత్త తొడుగు ఏర్పడ్డాక, సుమారు మూడు నెలలకు, రెండో ఆపరేషన్‌లో గ్రాఫ్ట్ వేస్తారు. ఒక్క ఆపరేషన్‌తో పోయేది రెండవుతుంది, మూడు నెలల పని ఏడాదికి సాగుతుంది. పది రోజుల ఆలస్యానికి కట్టే వడ్డీ అది.

ఎవరికీ చెందని నేల

అరచేతిలో వేళ్ల కింద ఉండే పైగీత దగ్గర నుంచి వేలి నడిమి ఎముక సగం దాకా ఉన్న భాగాన్ని రెండో జోన్ అంటారు. రెండు టెండాన్లూ ఒకే ఇరుకు తొడుగులో నడిచేది ఇక్కడే. ఇక్కడ కుట్టిన టెండాన్లు తొడుగుకు అతుక్కుపోయి వేలు బిగిసిపోవడం చూసి, అమెరికాలో చేతి సర్జరీకి మూలపురుషుడిగా చెప్పే స్టెర్లింగ్ బన్నెల్ దీన్ని ఎవరికీ చెందని నేలగా వర్ణించారు, యుద్ధంలో రెండు సైన్యాల మధ్య మిగిలే ఖాళీ భూమిలాగా. అక్కడ వెంటనే కుట్టొద్దు, గాయం మానాక గ్రాఫ్ట్ వేయండి అన్నది చాలా ఏళ్ల పాటు నడిచిన పద్ధతి.

దాన్ని తిరగరాసింది కెంటకీలోని లూయీవిల్‌లో పనిచేసిన హెరాల్డ్ క్లైనర్ట్ బృందం. స్విట్జర్లాండ్‌లో క్లాడ్ వెర్దాన్ కూడా అదే కాలంలో ఆ నేలలో వెంటనే కుట్టి చూపారు. 1967లో క్లైనర్ట్ తన ఫలితాలు చెప్పినప్పుడు తోటి సర్జన్లు తేలిగ్గా నమ్మలేదు. ఆయన చేసింది కుట్టు ఒక్కటే కాదు, కుట్టాక వేలి గోటికి రబ్బరు బ్యాండు కట్టి మణికట్టు వైపు లాగి ఉంచడం. రోగి వేలును తానే చాపుతాడు, వదలగానే రబ్బరు వంచుతుంది. కుట్టు మీద కండరం లాగుడు పడదు, టెండాన్ మాత్రం తొడుగులో జారుతూనే ఉంటుంది. 1975లో డ్యురాన్, హౌసర్ అనేవారు రబ్బరు లేకుండా రెండో చేత్తో వేలును మెల్లగా వంచి చాపించే పద్ధతి ఇచ్చారు. 3 నుంచి 5 మిల్లీమీటర్లు జారినా అతుకు గట్టిపడదని వాళ్ల లెక్క. 1989లో బెల్‌ఫాస్ట్ సర్జన్లు ఇంకో అడుగు వేసి, రోగి తన కండరంతోనే మెల్లగా వంచే పద్ధతిని ప్రకటించారు. ఇవాళ మంచి కేంద్రాల్లో జరిగేది ఎక్కువగా దాని వారసత్వమే.

మన దక్షిణాదిలో చేతి సర్జరీకి ఉన్న పునాది తక్కువది కాదు. బెంగళూరు నుంచి నాలుగైదు గంటల దూరంలో ఉన్న వేలూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠు వల్ల గోళ్లలా ముడుచుకుపోయిన వేళ్లకు పనిచేసే కండరం టెండాన్‌ను మార్చి కుట్టే ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత చేతికి కొత్త పని నేర్పించకపోతే ఆపరేషన్ దండగని ఆయన అప్పుడే పట్టుబట్టారు. చిత్తూరు జిల్లా జనానికి వేలూరు ఎప్పుడూ సొంత ఊరి ఆసుపత్రి లాంటిదే. ఆ తర్వాత చెన్నై స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో ఆర్. వెంకటస్వామి పెంచిన చేతి సర్జరీ విభాగం, కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో ఎస్. రాజా సబాపతి విభాగం దేశమంతటి సర్జన్లకు బడులయ్యాయి.

ఇవాళ్టి ఆపరేషన్

చర్మాన్ని జిగ్‌జాగ్‌గా తెరుస్తారు, నిలువుగా తెరిస్తే మచ్చ బిగిసి వేలు చాపుకోదు. తెగిన కొసలు వెతికి దగ్గరకు తెచ్చి లోపలి నుంచి బలమైన కుట్టు వేస్తారు. అతుకు మీదుగా ఎన్ని దారపు పోగులు దాటితే అంత బలం. పూర్వం రెండు పోగులు, ఇప్పుడు నాలుగు లేదా ఆరు. ఆపైన చుట్టూ సన్నని దారంతో అంచు కుట్టు, అతుకు నున్నగా జారడానికి. పుల్లీకి అతుకు తట్టుకుంటుంటే దాన్ని కొంతమేర తెరవడం తప్పు కాదని చైనా సర్జన్ జిన్ బో టాంగ్ వంటివారు ఒప్పించారు. ఒకప్పుడు పుల్లీని ముట్టుకోవడమే పాపం అన్నట్టుండేది.

ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పు, పూర్తి మత్తు లేకుండా మెలకువలోనే ఆపరేషన్. లిడోకెయిన్‌తో అడ్రినలిన్ కలిపి చేతిలో ఇంజక్షన్ ఇస్తారు. నొప్పి ఉండదు, రక్తం తక్కువ వస్తుంది, భుజానికి బిగించే పట్టీ అక్కరలేదు. వేలికి అడ్రినలిన్ ఇస్తే వేలు చచ్చిపోతుందని వైద్య విద్యార్థులకు తరాలుగా నేర్పిన మాటను కెనడాలోని సెయింట్ జాన్‌లో పనిచేసే డొనాల్డ్ లలోండ్, ఆయన తోటివారు 2005లో 3,110 కేసుల అనుభవంతో తోసిపుచ్చారు. రోగికి మెలకువ ఉండటం వల్ల అసలు లాభం వేరే ఉంది. కుట్టాక సర్జన్ “వేలు వంచమ్మా” అంటారు. వంచితే అతుకు దగ్గర సందు పడుతోందా, పుల్లీకి తట్టుకుంటోందా అక్కడే కనిపిస్తుంది, అక్కడే సరిచేస్తారు. మూడు వారాల తర్వాత తెలియాల్సింది టేబుల్ మీదే తెలుస్తుంది. మీ సర్జన్ ఈ పద్ధతి చేస్తారా అని అడగడంలో తప్పు లేదు. పిల్లలకు, పెద్ద గాయాలకు, భయస్థులకు మాత్రం మత్తు ఇచ్చే పద్ధతే సరి.

కుట్టు పడ్డాక

మొదటి రోజున అతుకు బలమంతా దారానిదే. మొదటి రెండు వారాల్లో టెండాన్ కొసలు మెత్తబడతాయి కాబట్టి బలం ఇంకా తగ్గొచ్చు. మూడు నుంచి ఆరు వారాల మధ్య కొత్త పోగులు పేరుకుంటాయి. పన్నెండు వారాలకు బరువు పనికి ఆగేంత అవుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది. అంటే నొప్పి పోయినప్పటికి బలం రాలేదు. చాలా అతుకులు ఊడేది ఆ మధ్యకాలంలోనే. నొప్పి లేదు కదా అని బకెట్ ఎత్తుతారు, బస్సులో కడ్డీ పట్టుకుంటారు, నిద్రలో స్ప్లింట్ తీసేస్తారు. మంచి చేతుల్లో జరిగినా వందలో ఐదు దరిదాపుల్లో ఊడుతుంటాయి.

ఆపరేషన్ బల్ల మీదే చేతి వెనక భాగానికి స్ప్లింట్ వేస్తారు. వేళ్ల మొదటి కీళ్లు కొంత వంగి, పై కీళ్లు చాపుకుని ఉండేలా అమరుస్తారు. వేళ్లు ఒక హద్దు దాటి వెనక్కి వెళ్లకుండా అది గోడలా నిలబడుతుంది. పాత పద్ధతిలో మణికట్టును బాగా వంచి ఉంచేవారు, ఇప్పుడు తిన్నగా లేదా కాస్త వెనక్కి ఉంచుతున్నారు. మాంచెస్టర్ పద్ధతిలో స్ప్లింట్ మణికట్టు గీత దగ్గరే ఆగిపోతుంది.

మొదటి మూడు రోజులు చేయి ఎత్తి ఉంచడమే పని. రక్తస్రావం, వాపు తగ్గాక, మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య వ్యాయామం మొదలవుతుంది. వాచి బిరుసుగా ఉన్న వేలును వంచాలంటే ఎక్కువ లాగాలి, అందుకే మొదటి రోజే మొదలుపెట్టరు. ముందు రెండో చేత్తో వేలును మెల్లగా అరచేతి వైపు అన్ని సార్లూ వంచి వదులుతారు, కీళ్లు బిగుసుకోకుండా. తర్వాత సొంతంగా మూడో వంతు పిడికిలి, క్రమంగా సగం పిడికిలి. మళ్లీ స్ప్లింట్‌కు ఆనేదాకా తిన్నగా చాపాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పదిసార్లు అని కొందరు, రెండు గంటలకోసారి అని కొందరు చెబుతారు. మీ థెరపిస్టు చెప్పిందే మీ లెక్క. చేయి కదపాలి, చేత్తో పని చేయకూడదు. ఈ రెండింటి తేడా ఇంట్లోవాళ్లకూ చెప్పండి. కదిపితే కుట్టు ఊడుతుందేమోనని రోగి వేలును అస్సలు కదపకుండా ఉంచితే అతుకు తొడుగుకు అంటుకుంటుంది. పాపం అని అమ్మమ్మలు ‘కదపొద్దురా’ అని మందలించడం దీనికి తోడు.

వేలు చాపకపోవడం కూడా అంతే నష్టం. నడిమి కీలు వంపులోనే బిగిసిపోతే మళ్లీ తిన్నబడటం మహా కష్టం. కుట్లు విప్పాక, సుమారు పది పద్నాలుగు రోజులకు, గాయం పూర్తిగా మూసుకుంటే కొబ్బరినూనెతోనో వాజలైన్‌తోనో మచ్చను రోజుకు మూడు నాలుగుసార్లు చిన్న గుండ్రాలుగా మర్దనా చేయాలి.

ఆరు వారాలకు స్ప్లింట్ తీస్తారు. అప్పుడు కప్పు పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం వంటి తేలిక పనులు. ఎనిమిది వారాలకు మెత్తటి బంతి, చపాతీ పిండి పిసకడం లాంటివి మెల్లగా. బరువులు, స్పానరు, సుత్తి, తాపీ పన్నెండు వారాలకు, అదీ సర్జన్ చూసి సరే అన్నాకే. బైకు నడిపేవాళ్లు ఎడమ చేయి అయితే క్లచ్, కుడి చేయి అయితే ముందు బ్రేకు గుర్తుపెట్టుకోండి. ట్రాఫిక్‌లో అకస్మాత్తుగా బిగించే ఆ ఒక్క పట్టు అతుకు మీద ఎంత బలం వేస్తుందో చెప్పక్కరలేదు. సిగరెట్టు, బీడీ మానేస్తే గాయం త్వరగా మానుతుంది. షుగరు ఉన్నవాళ్లు ఈ మూడు నెలలు అదుపులో పెట్టుకోవాలి. చెప్పింది చేయలేని చిన్న పిల్లలకు మోచేయి పైదాకా కట్టు వేసి మూడు నాలుగు వారాలు కదలకుండా ఉంచుతారు. వాళ్ల వేళ్లు పెద్దవాళ్ల వేళ్లంత తేలిగ్గా బిగుసుకోవు.

వేలు చాపే వైపు తెగితే

చేతి వెనక టెండాన్లు పలచని బద్దల్లా ఉంటాయి, చర్మం కిందే ఉంటాయి కాబట్టి తేలిగ్గా తెగుతాయి. కొస కీలు వేలాడిపోవడాన్ని మ్యాలెట్ ఫింగర్ అంటారు. గల్లీ క్రికెట్‌లో క్యాచ్ పడుతూ బంతి వేలి కొసకు తగిలితే, పరుపు కిందకి దుప్పటి దోపుతుంటే కూడా గాయం లేకుండానే ఊడొచ్చు. దీనికి చాలాసార్లు ఆపరేషన్ అక్కరలేదు. కొస కీలును తిన్నగా ఉంచే చిన్న స్ప్లింట్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రింబవళ్లు వేసుకోవాలి. కడుక్కోవడానికి తీసినప్పుడు కూడా వేలిని బల్లకు ఆనించి తిన్నగానే ఉంచాలి. ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ ఒకటి నుంచి.

కబడ్డీలో చొక్కా పట్టి లాగుతుంటే ఉంగరపు వేలి కొస వంగకుండా పోవడం దీనికి ఎదురు గాయం, లోపలి టెండాన్ ఎముక నుంచి ఊడి అరచేతిలోకి జారుతుంది. అది వారం పది రోజుల్లోపు కుట్టాల్సినదే. ఇక గొడవలో ఎదుటివాడి పంటికి తగిలి కణుపు మీద చీరుకుపోతే సిగ్గుపడి దాచొద్దు. నోటి క్రిములు కీలులోకి వెళ్తాయి. వెంటనే కుట్టకుండా లోపల కడిగి తెరిచి ఉంచాల్సిన గాయం అది.

ఆషాఢ గాలులకు బెంగళూరులో, సంక్రాంతికి మన ఊళ్లలో గాలిపటాలు లేచినప్పుడు మాంజాతో కోతలు వస్తాయి. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. బక్రీదు రోజున అలవాటు లేని చేతుల్లో పదునైన కత్తులు ఉంటాయి. ఆ రోజుల్లో చూపుడువేలు, బొటనవేలు జాగ్రత్త.

ఎక్కడికి, ఎవరి డబ్బుతో

అంబులెన్సుకు 108. ప్రభుత్వ రంగంలో విక్టోరియా, శివాజీనగర్ బౌరింగ్, జయనగర వైపు సంజయ్ గాంధీ ట్రామా ఆసుపత్రి ప్రమాద గాయాలకు జనం వెళ్లే చోట్లు. కోరమంగళ సెయింట్ జాన్స్ లాంటి బోధనాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా రెండు ప్రశ్నలు అడగండి. చేతి సర్జరీ చేసే ప్లాస్టిక్ లేదా ఆర్థో సర్జన్ ఎప్పుడు చూస్తారు? ఆపరేషన్ తర్వాత చేతి వ్యాయామం నేర్పే థెరపిస్టు ఇక్కడే ఉన్నారా? రెండోదానికి జవాబు లేకపోతే మేమైతే ఇంకో చోటు వెతుకుతాం.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే రాజాజీనగర్, పీణ్య, ఇందిరానగర్ ఈఎస్ఐ ఆసుపత్రులు ఉన్నాయి. పనిలో ప్రమాదమైతే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, ఇన్ని నెలలు కట్టాలనే షరతు లేదు. పనిచేయలేని రోజులకు సగటు కూలిలో 90 శాతం దాకా వస్తుంది, వేలు శాశ్వతంగా దెబ్బతింటే మెడికల్ బోర్డు తేల్చిన నష్టాన్ని బట్టి నెలనెలా సొమ్ము వస్తుంది. దానికి యజమాని ప్రమాద నివేదిక పంపాలి. ‘ఇంట్లో తెగిందని చెప్పు, ఖర్చు నేనిస్తా’ అనే సూపర్‌వైజరు మాటకు తలూపితే ఈ హక్కంతా పోతుంది. కేస్ షీటులో గాయం ఎక్కడ, ఏ మిషన్ మీద అయిందో నిజం రాయించండి. నిర్మాణ పనివాళ్లు గత ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే కర్ణాటక నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు, వేరే రాష్ట్రం వాళ్లమని ఆగనక్కరలేదు. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లు బెంగళూరులోని ఏ ఆసుపత్రి, ఏ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో అడ్మిట్ అయ్యేలోపే అక్కడి కౌంటర్లో కనుక్కోవాలి.

ఊరికి వెళ్లే ముందు

మన వాళ్ల చేతులు చెడేది ఎక్కువగా ఇక్కడే అని మా అనుమానం. ఆపరేషన్ అవుతుంది, గది అద్దె దండగని మర్నాడే అనంతపురమో, కడపో, మహబూబ్‌నగరో బస్సెక్కేస్తారు. కట్టు విప్పేవారు ఉండరు, థెరపీ ఉండదు, ఆరు వారాలకు చేయి చూపించేసరికి వేలు మేకులా ఉంటుంది. వీలైతే మొదటి మూడు వారాలు నగరంలోనే ఉండండి. వీలుకాకపోతే వ్యాయామం చేయించేటప్పుడు థెరపిస్టు అనుమతితో ఫోన్లో వీడియో తీసుకోండి, మీ చేతితోనే. స్ప్లింట్ ఏ కోణంలో ఉండాలో ఫొటో తీసుకోండి. డిశ్చార్జి కాగితంలో ఏ టెండాన్, ఏ జోన్, ఎన్ని పోగుల కుట్టు అని రాయించుకుంటే ఊరి దగ్గరి ఫిజియోథెరపిస్టుకు పని తెలుస్తుంది. వారానికోసారి వీడియో కాల్లో చూస్తారా అని అడగండి.

ఊళ్లో ఉండగా ‘టక్’మని తెగినట్టు అనిపించి నిన్నటిదాకా వంగిన వేలు ఇవాళ వంగకపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అదే రోజు ఫోన్ చేసి బయల్దేరండి, కొద్ది రోజుల్లో చేరితే మళ్లీ కుట్టే అవకాశం ఉంటుంది. అలా కాకుండా వేలు రెండో చేత్తో వంచితే పూర్తిగా వంగుతూ, సొంతంగా మాత్రం వంగకపోతే అతుకు అంటుకుపోయినట్టు. మూడు నెలలు మనసుపెట్టి థెరపీ చేశాక కూడా అలాగే ఉంటే మూడు నుంచి ఆరు నెలల మధ్య టెనోలైసిస్ అనే ఆపరేషన్‌తో టెండాన్‌ను చుట్టూ విడదీస్తారు. దాని తర్వాత వ్యాయామం మర్నాటి నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆ తేదీ ఖరారు చేసుకునే ముందే నగరంలో ఉండటానికి గది చూసుకోండి.